చివరి నాలుగు కిలోమీటర్లు

పదకొండు సైకిళ్ళు ముందు పోతయి.
వెనుక తెల్ల వ్యాన్ల నేను, శఫీకుల్,
అరటిపండ్ల డబ్బా, రెండు స్పేర్ చక్రాలు,
ఐసు కరిగి లేబుళ్ళు ఊడిన నీళ్ళ సీసాలు.
లేబర్ కార్డు మీద నా పని మెకానిక్కు.
అసలు పని, అందరికంటే వెనుకపడ్డ మనిషికి
వెనుకపడ్డట్టు అనిపియ్యకుండ చూసుడు.

ఆమె పేరు ఒటీలియా. అరవై మూడేండ్లు.
పోర్చుగల్ల ఏదో కొండసీమ, పేరు నాకు నోరు తిరగదు.
మొదటి రోజే చెప్పింది:
మా ఊళ్ళూ ఇట్లనే, రాతిగోడలు, ఎక్కుడు, దిగుడు,
గడప మీద ఒక ముసలామె,
మొరిగి మొరిగి యాష్టకొచ్చిన ఒక కుక్క.
ఈడ కుక్క జాగల మేక. అంతే తేడా.
చెప్పి, ఇంకో మాట కూడ అన్నది,
సైకిల్ల ఏదో టిక్కుమంటుందని.
స్టాండు మీద పెట్టి తిప్పి చూసిన.
ఏం లేదు మేడం.

అల్ హమ్రా దాటితే మిస్ఫా రోడ్డు
గోడకానిచ్చిన నిచ్చెన.
కింద ఖర్జూరపు తోట పచ్చ చేతిరుమాలంత అయింది.
మూడో మలుపుల చెయిన్ తెగింది.
ఆమె రాయి మీద కూసున్నది,
నేను తారు మీద మోకాళ్ళేసిన.
తారు కాలుతున్నది.

మస్కట్ రేవు మీద రెండు కోటలు చూసినవా, అని అడిగింది.
చూసిన. సెలవు రోజు వాటి కింద కూసొని సమోసాలు తిన్న.
మావాళ్ళు కట్టినయి, అన్నది.
గొప్పకు కాదు,
తాతల నాటి అప్పు యాదికొచ్చినట్టు.
మావోళ్ళు కూడ కట్టిండ్రు మేడం, అద్దాల బిల్డింగులు,
అవి ఎవరి కోటలని ఎవ్వరడగరు.
ఆమె నా దిక్కు చూసింది.
నేను చెయిన్ దిక్కు చూసిన.
లంకె కుదిరింది.

ఆమె లేవలే.
నా మోకాళ్ళు రాజీనామా ఇచ్చినయి, అన్నది,
నేను వ్యాన్ల వస్త. సైకిల్ మాత్రం వ్యాన్ల రావద్దు.
నువ్వు తొక్కు.
కంపెనీ కాయితాల ఇట్లాంటిది రాసి లేదు.
జావ్ భాయ్, అని శఫీకుల్ అరటిపండు ఒలుచుకున్నడు.

ఏడేండ్లు.
రోజుకు ఆరు సైకిళ్ళు స్టాండుకు బిగించి
గాలిల తిరిగే చక్రాన్ని చూసి సరే అన్నోన్ని.
తొక్కింది షాపు ముంగట పార్కింగు చుట్టు, రెండు రౌండ్లు.
మెట్‌పల్లిల గంటకు రూపాయి కిరాయి సైకిల్ మీద
కైంచీ కొట్టుకుంట బస్టాండు దాకా పోయిన కాళ్ళు
ఇవేనా అని అడిగిన.
అవి చెప్పలే.

సీటు ఎత్తు ఆమెది. చెప్పులు నావి.
మొదటి మలుపుకే గుండె చెవుల్లకొచ్చింది.
నీళ్ళ ట్యాంకరు పక్కకెల్లి పోయింది,
పఠాన్ డ్రైవరు హారన్ కొట్టిండు,
తిట్టో, శబాషో.
రెండో మలుపుల, లేసి నిలబడి
ఒళ్ళంతా పెడలు మీద ఏసినప్పుడు
ఇనిపించింది.
టిక్.
మల్ల టిక్.

బరువు పడితే తప్ప పలకని చప్పుడు.
గాలిల తిప్పితే ఎట్ల దొరుకుతది?
మూడు రోజులు, మూడు కొండలు,
ఆమె దాన్ని ఇనుకుంటనే తొక్కింది.
ఏం లేదు అన్నది నేను.
ఇంకెందరికన్నన్నో, లెక్క పెట్టబుద్ధి కాలే,
ఊపిరి కూడ లేకుండె లెక్కకు.

మిస్ఫాల ఫలజ్ నీళ్ళు మెట్టు మెట్టుకు దిగుతున్నయి.
సల్లటి నీళ్ళ కాళ్ళు పెడితే
పిక్కలు చేప పిల్లల్లెక్క ఎగిరినయి.
దిష్‌దాషా ఏసుకున్న పిలగాడొకడు
నా చెప్పులు, సైకిల్, నా చెప్పులు,
మార్చి మార్చి చూసిండు.
వ్యాన్ ముందే వచ్చి ఉన్నది.
చప్పుడు నిజమే మేడం, అన్న.
తెలుసు, అన్నది ఆమె.
నిమ్మకాయ ఛాయి ఒక గ్లాసు నా దిక్కు జరిపింది.

పానాలు తీసి పెడలు మొదట్ల విప్పిన.
ఇసుక రేణువు. జొన్నగింజల సగం కూడ లేదు.
తుడిచి, గ్రీజు పెట్టి, బిగించిన.

ఇగ దిగుడే, ఎవరు తొక్కుతరు,
అని శఫీకుల్ అడిగిండు.
ఇద్దరం చెయ్యి లేపినం.